ఒక మీటకు ఒకే స్వరం

"బజారులో అందరూ చూస్తాండగా పెండ్లి బ్యాండు వాని మాదిరి భుజాన వేసుకొని మోసుకొచ్చినానమ్మా! అన్న దాన్ని కాలితో తోసినాడు!"

వాదిరాజ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

నడింట్లో ఆ అకార్డియన్ పక్కకు ఒరిగి పడి ఉంది. ట్రంకు పెట్టెంత పెద్దది. ఎర్రటి రేకులు, తళతళలాడే తెల్లటి మెట్లు. తిత్తి సగం తెరుచుకుని, మడతలు బయటపడి ఉన్నాయి. విఠల్ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"తోయలేదు, జారింది" అంది సుశీల.

"జారిందా? నేను కళ్ళారా చూసినాను వదినా. ఎడమ కాలితో తోసినాడు."

వంటింట్లోంచి భీమాబాయి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. "అరవకురా. నాలుగు నెలలాయె వానికి కుడి పక్క పడిపోయి. నోట్లో మాట లేదు. వాని కోపం ఎట్ల చూపించాల, నువ్వే చెప్పు?"

"ఎందుకా కోపం అంటాండాను. హార్మోనియానికి రెండు చేతులు కావాల. ఒకటి మెట్ల మీద, ఒకటి తిత్తి మీద. తొక్కుడు హార్మోనియం తెప్పిస్తిమి, ఒంటికాలితో గాలి చాలకపోయె. దీనికైతే ఎడమ చెయ్యే తిత్తి లాగుతాది, ఆ వేళ్ళ కిందనే మీటలుంటాయి. అన్న కోసం కాకపోతే ఎవరి కోసం తెచ్చినాను?"

జవాబు చెప్పవలసిన మనిషి గోడనే చూస్తున్నాడు.

ఆదోని చుట్టుపక్కల ఏ ఊళ్ళో పద్యనాటకం ఆడినా విఠల్ హార్మోనియం ఉండాల్సిందే అనేవారు. నటుడు శ్రుతి తప్పబోతున్నాడని అతనికంటే ముందు విఠల్ వేలికి తెలిసేది. ఇప్పుడా కుడి చేయి ఒళ్ళో తువ్వాలు ముక్కలా పడి ఉంది.

సుశీల కొంగు దోపుకుని నేల మీద కూర్చుంది. పెట్టెను నిలబెట్టి, తిత్తిని మెల్లగా లాగుతూ ఎడమ వైపున్న గుండ్రటి మీటల్లో ఒకటి నొక్కింది.

ఇల్లంతా నిండిపోయింది శబ్దం. ఒక్క మీటకు మూడు స్వరాలు ఒకేసారి మోగాయి. పక్కది నొక్కింది. మళ్ళీ మూడు. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. చివరి రెండు వరుసల్లో మాత్రం ఒంటి స్వరం వస్తోంది కానీ, అది దుక్కిటెద్దు గురకలాంటి మంద్రం. ఆ పైకి ఎక్కడానికి మీటలే లేవు.

ఆమెకు సంగీతం పెద్దగా రాదు. బడిలో పిల్లలకు ప్రార్థన నేర్పేంత వచ్చు. అయినా పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో వింటున్న చెవులు.

"వాదీ, దీంతో 'సరిగమ' ఎట్ల వాయిస్తావు? ఎడమ చేత్తో?"

"కుడి పక్క మెట్లున్నాయి గదా..." అని ఆగిపోయాడు వాదిరాజ.

"కుడి చేయి లేదనే గదా ఇది తెచ్చింది."

సుశీల లేచి మంచం దగ్గరకు వెళ్ళింది. భర్త ముఖం ఎదురుగా వంగింది. "ఇదేనా? అన్నీ గుంపుగా మోగుతాండాయనా?"

విఠల్ కళ్ళు తిప్పాడు. ఎడమ చేయి ఎత్తి, చూపుడు వేలు ఒక్కటి నిలబెట్టాడు.

"ఒకటి? ఒక మీటకు ఒకటే స్వరం ఉండాలనా?"

అతను తల ఊపాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నాలుగు నెలల్లో అతను ఏదో ఒకటి అడగడం ఇదే మొదలు.

"అట్లాంటిది ఉంటాదా వాదీ?"

వాదిరాజ కిటికీ వైపు చూశాడు.

"నీకు తెలుసు" అంది భీమాబాయి. "చిన్నప్పటి నుంచీ అంతే. తెలిసినప్పుడే నోరు మూస్తావు."

"ఎమ్మిగనూరులో సీమోను అని ఒకడున్నాడమ్మా. నేను పనిచేసే బడిలో హార్మోనియం బాగు చేసేది ఆయనే. వాండ్లింట్లో చిన్న అకార్డియన్ ఒకటుందని ఒకసారి అన్నాడు. ఎడమ పక్క అన్నీ విడివిడి స్వరాలే అంట. విదేశాల నుంచి వచ్చిన నర్సమ్మ ఎవరో వదిలిపెట్టి పోయింది."

"మరి ముందే చెప్పలేదేం?"

"మాసిపోయిన పాత పెట్టె వదినా. పైగా..." గొంతు తగ్గించాడు. "మిషను కాంపౌండులో ఉంటారు వాండ్లు."

మంత్రాలయంలో మఠం సేవలో ఉన్న మామగారు సేతుమాధవరావు పౌర్ణమికి ఇంటికి వస్తాడు. మిషను వాళ్ళ వస్తువు ఇంట్లో చూస్తే ఆయన ఏమంటాడో అందరికీ తెలుసు.

"రేపు పొద్దున బస్సుకు పోదాం" అంది సుశీల.

"నేనూ వస్తా" అంది భీమాబాయి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఏం చూస్తారు? ఇంట్లోకి వచ్చేది ఏందో నేను చూడొద్దా?"

*

సీమోను ఇల్లు మగ్గాల వీధి దాటాక, మిషను కాంపౌండు మొదట్లో ఉంది. విఠల్‌ను రిక్షాలోంచి దింపి, వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టేసరికి సుశీల చెమటతో తడిసిపోయింది. పక్కిళ్ళ మగ్గాల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

సీమోనుకు అరవై దాటి ఉంటాయి. కళ్ళద్దాల కాడకు దారం కట్టుకున్నాడు. విఠల్‌ను చూడగానే చేతులు జోడించాడు.

"సామీ! కోసిగిలో మీ హార్మోనియం తెల్లారిందాక నిలబడి ఇన్నోణ్ణి నేను. కూసోను సోటు లేకపోయె ఆ పొద్దు."

విఠల్ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. సీమోను అది చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళాడు. నల్లగుడ్డ చుట్టిన పెట్టెతో వచ్చాడు.

గుడ్డ విప్పితే బయటపడింది కిరసనాయిలు డబ్బాకంటే కొంచెం పెద్దదైన అకార్డియన్. బూడిద రంగు. మూలల్లో పెయింటు పోయింది. కుడివైపు మెట్లు కొన్నే ఉన్నాయి. ఎడమవైపు మాత్రం సన్నటి తెల్ల మీటలు వరుసలు వరుసలుగా, ఏటవాలుగా ఉన్నాయి.

"ఇంతేనా?" అంది భీమాబాయి. ఆమె వసారా అంచున, ఎవరికీ తగలకుండా కూర్చుంది.

"సిన్నదే మంచిదమ్మా. పెద్దదైతే సామి తొడ మీద ఆగదు, ఒంటి చేత్తో లాగలేడు. వాదిరాజప్పా, మీరు ఆదోనిలో తెచ్చింది లాగి సూసినారా, లేక మెరిసేది సూసి తెచ్చినారా?"

వాదిరాజ ముఖం ఎర్రబడింది.

"ఇది లోపల బాగుందని ఎట్ల తెలుస్తాది?" అడిగింది సుశీల. వాదిరాజను కాపాడటానికి కాదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

సీమోను కళ్ళు మెరిశాయి. ఈ ప్రశ్న ఎవరూ అడిగి చాలా కాలమైనట్టుంది. "ఇట్ల పట్టుకోమ్మా" అన్నాడు.

తిత్తికి కట్టిన పట్టీలు విప్పి, పెట్టె పైభాగాన్ని ఆమె రెండు చేతులకు ఇచ్చాడు. "ఏ మీటా ముట్టుకోవద్దు. కింది సగాన్ని వదిలేస్తాండా."

వదిలేశాడు. కానీ కింది సగం పడిపోలేదు. తేనె కారినట్టు, అంత మెల్లగా మడత వెనక మడత విచ్చుకుంటూ దిగింది.

"సిల్లి ఉంటే దబుక్కున పడుండేది. గాలి యాడా పోతలేదు. ఆదోనిది ఇట్ల పట్టి సూడండి, తెలుస్తాది."

"దానికి నిన్న సాయంత్రమే బుస్సుమని గాలి పోతాండె" అని గొణిగాడు వాదిరాజ.

తర్వాత సీమోను పక్కన గాలి వదిలే చిన్న మీట నొక్కి తిత్తిని మూశాడు. "ముక్కు ఈడ పెట్టమ్మా. ఏం వాసనొస్తాది?"

సుశీల వాసన చూసింది. "పాత కర్ర. కొంచెం... కొవ్వొత్తి వాసన."

"బూజు వాసన లేదు గదా? తడి తగిలిందంటే లోపల ఉక్కు రీడ్లు, అవే సొరం పలికే నాలుకలు, తుప్పు పట్టినట్టే. నువ్వు సెప్పే కొవ్వొత్తి వాసన మైనంది. రీడ్లను కర్రకు మైనంతో అతికిస్తారు."

"లోపల చూడొచ్చునా?"

"వదినా, కొనేకి వచ్చినామా, చదువుకునేకి వచ్చినామా?" అన్నాడు వాదిరాజ.

"రెండిటికీ" అంది సుశీల.

సీమోను నవ్వి, పటకారుతో మేకుల్లాంటి సన్నటి చీలలు ఒక్కొక్కటే లాగాడు. పెట్టె రెండుగా విడిపోయింది. లోపల దువ్వెన పళ్ళలా బారులు బారులుగా లోహపు పలకలు. ప్రతి పలక మీదా సన్నటి ఉక్కు నాలుక. వాటి పక్కన వేలెడు కూడా లేని తెల్లటి పట్టీలు.

"ఒక్కో మీటకు రెండు నాలుకలమ్మా. ఒకటి తిత్తి లాగినప్పుడు, ఒకటి నొక్కినప్పుడు. ఈ గీతలు సూడు. ఇది చేత్తో అరగదీసిన పని. మిషను మీద చేసింది ఇట్లుండదు. మైనం యాడా పగల్లేదు. ఈ పట్టీలు గాలి ఎనక్కు పోకుండా మూతలు. వంకర తిరగకుండా పడుకొని ఉండాల."

సుశీల వేలు ఆ తెల్ల పట్టీల దగ్గర ఆగింది. భీమాబాయి కూడా ఎప్పుడు లేచిందో, రెండడుగుల దూరం నుంచి తొంగి చూస్తోంది.

"ఆ తెల్లవి ఏంటివి?" అంది.

సీమోను తల ఎత్తలేదు. "తోలమ్మా."

"తోలా?"

"మేక తోలు. తిత్తి మూలల్లోనూ అదే."

భీమాబాయి వెనక్కు జరిగింది. "విన్నావా సుశీలా? పదండి. తోలు పెట్టెను నా బిడ్డ రొమ్ముకు కట్టుకుంటాడా? దేవుని పాట దీంట్లోనా?"

సీమోను కళ్ళద్దాలు తీసి అంగీతో తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు వాదిరాజ వైపు చూశాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లో హార్మోనియం ఉంది గదా. దానికి కూడా మెట్ల కింద తోలే ఉంటాది. తోలు లేకుంటే గాలి నిలవదు. వాదిరాజప్ప రెండేండ్ల కింద తెస్తే, పాతది తీసి కొత్త తోలు ఏసింది నేనే."

భీమాబాయి చిన్నకొడుకు వైపు చూసింది. వాదిరాజ నేల చూపులు చూశాడు.

"ముప్పై ఏండ్లుగా దేవుని ముందర పెట్టినామే దాన్ని" అంది ఆమె చివరికి, తనలో తాను అన్నట్టు.

"పెట్టినారు. బాగా పలికింది గదమ్మా" అన్నాడు సీమోను.

ఆమె పోలేదు. మళ్ళీ వసారా అంచున కూర్చుంది. కానీ ఈసారి రెండడుగులు ఇవతలికి.

*

పెట్టెను మళ్ళీ కలిపి బిగించారు. సీమోను ఒక తువ్వాలు తెచ్చి, అకార్డియన్ కుడి భాగాన్ని విఠల్ తొడకు కదలకుండా కట్టాడు. ఎడమ చేతిని పట్టీలోకి దూర్చాడు.

"కంటికి కనబడవు సామీ మీటలు. వేలితోనే ఎతకాల. నడి వరసలో ఒకదానికి గుంట ఉంటాది."

విఠల్ వేళ్ళు తడుముకున్నాయి. గుంట దొరికింది. దాన్నే షడ్జం చేసుకున్నాడు. తిత్తి కదిలింది.

ఒకే స్వరం. సన్నగా, నిండుగా, ఎక్కడా వణకకుండా.

అతను దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. లాగినప్పుడూ, నొక్కినప్పుడూ. తర్వాత రిషభం కోసం వెతికాడు. తప్పు మీట. ఇంకోటి. అదీ తప్పే. మూడోసారి దొరికింది. హార్మోనియం మెట్లలా ఒకే బారులో ఉండవు ఇవి. ఏటవాలుగా ఎక్కాలి, మళ్ళీ దిగాలి. చిన్నపిల్లవాడు కొత్త ఇంట్లో చీకటిగదులు తిరిగినట్టు అతని వేళ్ళు తిరిగాయి. నుదుట చెమట పట్టింది. సుశీల తుడవబోతే తల పక్కకు తిప్పుకున్నాడు. అడ్డు రావద్దన్నట్టు.

అరగంటకు ఏడు స్వరాలూ దొరికాయి. కానీ మంద్రంలో ఒక మీట దగ్గర అతను ఆగిపోయాడు. లాగి నొక్కాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే మీట.

"ఏమైందన్నా?" అన్నాడు వాదిరాజ.

విఠల్ కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ అదే మీట.

సుశీల చెవి ఒగ్గి విన్నది. ఆమెకు ఏ తేడా తెలియలేదు. సీమోను మాత్రం కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ లాగండి సామీ... ఆ. లాగినప్పుడు రవ్వంత ఆలస్యంగా మేలుకుంటాంది. నా చెవికి ఇన్నాళ్ళూ అందలేదే!"

పెట్టె మళ్ళీ విప్పారు. ఆ రీడు మీది తోలు మూత కొన కొంచెం పైకి లేచి ఉంది. సీమోను దాన్ని వేలిగోటితో సాఫీ చేశాడు. మళ్ళీ బిగించి తొడకు కట్టాక, విఠల్ లాగగానే స్వరం పలికింది. విఠల్ ముఖంలో ఎడమ సగం నవ్వింది.

సుశీల ఆ సగం నవ్వును చూస్తూ నిలబడిపోయింది.

"ఎవుర్ని అడిగి బయటికి తీసినావు దాన్ని?"

గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో. చేతిలో చేట. ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో తెలియదు. సీమోను భార్య సారమ్మ.

"సారమ్మా, ఈళ్ళు ఆదోని నుంచి..."

"యాడ నుంచైనా రానీ. నర్సమ్మ దాన్ని ఎవరి చేతిలో పెట్టి పోయింది? నీ చేతిలోనా, నా చేతిలోనా?"

"నీ చేతిలోనే. కానీ ఆరేండ్లుగా గుడ్డలో చుట్టి పెడితివి. నీకు వాయించేకి రాదు, నాకు రాదు..."

"రాకుంటే అమ్ముకుంటామా?" చేట కింద పెట్టింది. "ఆయమ్మ వాయిస్తాంటే పక్కన నిలబడి పాడినదాన్ని నేను. ఆయమ్మ పోయినాక మా గుడిలో పాటకు తోడు లేదు. ఆదివారం ఆదివారం వట్టి గొంతుతో పాడతాండాము."

సుశీల ముందుకు వచ్చింది. "తప్పయిందమ్మా. మిమ్మల్నే మొదట అడగాల్సింది. ఈయన నా మొగుడు. మాట పడిపోయింది. సంగీతం ఒక్కటే మిగిలింది. అది కూడా ఈ చేతిలోనే."

సారమ్మ విఠల్‌ను చూసింది. తొడకు కట్టిన తువ్వాలును, ఒళ్ళో పడి ఉన్న కుడి చేతిని చూసింది. తనకూ, అతనికీ మధ్య ఉన్న ఆ బూడిదరంగు పెట్టెను చూసింది.

"ఆ ఒక్క రీడు సంగతి నర్సమ్మ కూడా ఎప్పుడూ అంటాండె" అంది నెమ్మదిగా. "దీంట్లో ఒకటి నిద్రమొగం ఉంది సారమ్మా అనేది. ఆయమ్మ తర్వాత కనిపెట్టింది ఈయప్పే."

కింద పెట్టిన చేట తీసి గోడకు ఆనించింది.

"ఇస్తాను. నాకు డబ్బొద్దు. నెలకొక ఆదివారం ఈయప్ప ఈడికి రావాల. మా పాటకు వాయించాల. అంతే."

"కుదరదు" అన్నాడు వాదిరాజ వెంటనే. "మా నాయన మంత్రాలయంలో సేవ చేసే మనిషి. మా అన్న మీ చర్చిలో వాయించేది? నలుగురికి తెలిస్తే మేము ఆదోనిలో తల ఎత్తుకొని తిరగలేము."

"వాదీ, ఆమె అడిగింది పాటకు తోడు..."

"నువ్వు ఊరుకో వదినా! నిన్నటి నుంచి నీ మాటే సాగుతాంది. తోలన్నారు, సరే అన్నాము. ఇప్పుడు ఇది. రేపేం అడుగుతారో? అమ్మా, నువ్వు చెప్పు."

భీమాబాయి లేచి నిలబడింది. ముఖంలో ఏమీ కనిపించలేదు. "పదండి. బస్సుకు వేళవుతాంది" అంది. మెట్లు దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

సుశీల విఠల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తువ్వాలు ముడి విప్పాలి. వేళ్ళు సాగలేదు. అతని ఎడమ చేయి వచ్చి ఆమె చేతిని పక్కకు నెట్టింది.

"వ..." అన్నాడు విఠల్.

మెట్లు దిగబోతున్న వాదిరాజ వెనక్కు తిరిగాడు.

విఠల్ మెడ నరాలు బిగిశాయి. కళ్ళు సారమ్మ మీద ఉన్నాయి. పెదవి ఒక పక్కకు లాగింది. "వ... స్తా."

సుశీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భీమాబాయి చెప్పులతోనే వసారా ఎక్కింది. చెప్పులు విడవాలన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. కొడుకు ముందు కూర్చుని, అతని గడ్డం పట్టుకుంది. "ఏమంటివప్పా? ఇంకొకసారి అను."

"వస్తా" అన్నాడు విఠల్. ఈసారి కొంచెం తేటగా.

ఆమె చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత, వెనక్కు తిరగకుండానే అడిగింది.

"మీ ప్రార్థన ఎన్ని గంటలకు తల్లీ?"

"అమ్మా!" వాదిరాజ కేక వేశాడు. ఆమె తిరిగి చూడలేదు. అతను భుజం మీది సంచి సర్దుకున్నాడు. "సరే. నేను నాయన దగ్గరికి పోతాండా. ఈ పొద్దే. మీరు పౌర్ణమికి చెప్పుకుందామని అనుకోవద్దు. ఈ మాట ఆయన మొదట నా నోట వినాల."

సుశీల వీధిలోకి పరుగెత్తింది. అప్పటికే అతను మగ్గాల వీధి మలుపు తిరిగాడు. బస్టాండులో మంత్రాలయం బస్సు హారను మోగింది.